‘ఏమీ మారదు’ అని మాత్రం రాయకమ్మా

చి. అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

మీ కంపెనీని వేరేవాళ్లు కొన్న సంగతి కస్టమర్లకి చెప్పడానికి నువ్వు రాసి పంపిన ఉత్తరం డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. మర్యాదగా ఉంది, మరీ పొడుగ్గానూ లేదు. కానీ రెండో పేరా మొదట్లోనే ఆగిపోయాను. “ఈ కొనుగోలు వల్ల మీకు ఏమీ మారదు” అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్, మిగతావి తర్వాత చూద్దాం.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అదే వాక్యం ఒకప్పుడు నేనూ రాశాను. అప్పట్లో నేను పనిచేసే చిన్న కంపెనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేది. మమ్మల్ని కొన్నవాళ్లకీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అచ్చం ఇప్పుడు నీ పరిస్థితే. రెండు ప్రోడక్టులూ ఉంటాయి, ఏమీ మారదు, నిశ్చింతగా ఉండండి అని కస్టమర్లందరికీ నా సంతకంతో ఉత్తరం వెళ్లింది. నేను అబద్ధం ఆడలేదు. పైవాళ్లు ఆ రోజు నాకు చెప్పిందే నేను వాళ్లకి చెప్పాను. పద్నాలుగు నెలలకి మా ప్రోడక్ట్ అమ్మకం ఆపేశారు.

ఆ తర్వాత ఒక రవాణా సంస్థ అకౌంట్స్ హెడ్‌ని కలవడానికి వెళ్లాను. తిడతాడేమోనని సిద్ధపడి వెళ్లాను. ఆయన తిట్టలేదు. సొరుగు లాగి ప్లాస్టిక్ ఫోల్డర్ ఒకటి తీసి, అందులోని కాగితాన్ని నావైపు తిప్పి పెట్టాడు. నా ఉత్తరమే. ‘ఏమీ మారదు’ మీద పసుపు హైలైటర్ గీత. “ఇది మావాళ్లకి చూపించే రెండేళ్ల రెన్యూవల్ పాస్ చేయించుకున్నానండీ” అన్నాడు. సాఫ్ట్‌వేర్ పోతే ఆయన ఇంకోటి కొనుక్కోగలడు. వాళ్ల ఆఫీసులో ఆయన మాట పోయింది. నాకు నోట మాట రాలేదు, టీ కూడా తాగకుండా వచ్చేశాను.

మా చిన్న కంపెనీ సంగతి వదిలెయ్. 2018లో మైక్రోసాఫ్ట్, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ని 750 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. కోడ్ రాసుకోవడానికి గిట్‌హబ్ దగ్గర ఆటమ్ అనే ఎడిటర్ ఉంది, మైక్రోసాఫ్ట్ దగ్గర వీఎస్ కోడ్ ఉంది. మరి ఆటమ్ గతేంటని అందరూ అడిగారు. గిట్‌హబ్ సీఈఓగా రాబోతున్న నాట్ ఫ్రీడ్‌మన్ రెండూ కొనసాగుతాయని బహిరంగంగానే చెప్పాడు. ఆయన మనసులో మోసం ఉందని నేననుకోను. కానీ 2021లో ఆయన ఆ పదవి వదిలి వెళ్లాడు, 2022 జూన్‌లో ఆటమ్ మూసేస్తున్నామని ప్రకటన వచ్చింది, ఆ డిసెంబర్ 15న దాన్ని ఆర్కైవ్‌లో పెట్టేశారు. మాట ఇచ్చినవాడు కుర్చీలో లేడు, మాట మాత్రం ఇంకా ఇంటర్నెట్‌లో ఉంది. రేపు నీ ఉత్తరానికీ ఇదే జరుగుతుంది. నువ్వు వేరే ఉద్యోగానికి వెళ్లినా ఆ పీడీఎఫ్ కస్టమర్ మెయిల్‌బాక్స్‌లోనే ఉంటుంది.

మరి ఏం రాయాలి అంటావు. కస్టమర్ నిన్ను “ఇది ఉంటుందా, పోతుందా?” అనే అడుగుతాడు. ఆ ప్రశ్నకి నీ దగ్గర జవాబు లేదు, నిజానికి మీ కొత్త యజమానుల దగ్గర కూడా ఇంకా ఉండి ఉండదు. కానీ ఆ ప్రశ్న వెనకాల ఇంకో నాలుగు ఉంటాయి. పోయేట్టయితే ఎన్నాళ్ల ముందు చెబుతారు? అప్పటిదాకా ఫోన్ చేస్తే ఎవరైనా ఎత్తుతారా, భద్రతా లోపాలు సరిచేసే ప్యాచ్‌లు వస్తాయా? నా డేటా మొత్తం నాకు పనికొచ్చే రూపంలో బయటికి వస్తుందా? మారాల్సి వస్తే ఆ ఖర్చు నాదా, మీదా? వీటికి ఇవాళే జవాబు చెప్పొచ్చు, ఎందుకంటే ఏ ప్రోడక్ట్ నిలుస్తుందో తేలకపోయినా వీటిని ముందే నిర్ణయించుకోవచ్చు. నీ ఉత్తరం మొత్తం ఈ నాలుగింటి చుట్టూ తిరగాలి.

నోటీసు గడువు సంగతి కాస్త వివరంగా చెబుతాను, బేరం పెట్టాల్సింది అక్కడే. మీ ఫైనాన్స్‌వాళ్లు 12 నెలలు చాలంటారు. ఒప్పుకోకు. పెద్ద కస్టమర్‌కి బడ్జెట్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. నీ నోటీసు బడ్జెట్ ముగిసిన మర్నాడు చేరిందనుకో, డబ్బు అడగడానికే ఏడాది ఆగాలి, ఆ తర్వాత టెండరు, ట్రయల్, సిబ్బందికి ట్రైనింగ్. 18 నెలలకి తక్కువైతే నేను సంతకం పెట్టను. 24 దొరికితే కళ్లకద్దుకుని తీసుకో. ఆ అంకె ఉత్తరంలో ఉంటే సరిపోదు, రెన్యూవల్ కాంట్రాక్టులో ఒక క్లాజుగా ఎక్కాలి. ఉత్తరాన్ని మార్కెటింగ్ కాగితమని తోసెయ్యొచ్చు, క్లాజుని తోసెయ్యలేరు.

కస్టమర్‌కి కాగితం మీద రాత ఎంత ముఖ్యమో పీపుల్‌సాఫ్ట్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ గొడవలో చూశాం. 2003 జూన్‌లో దాని పోటీదారు ఒరాకిల్ ఆ కంపెనీని దాని ఇష్టంతో పనిలేకుండా కొనేస్తానని ముందుకొచ్చింది. పీపుల్‌సాఫ్ట్ ప్రోడక్టుల్ని కొత్తవాళ్లకి అమ్మడం మీద మాకు ఆసక్తి లేదన్నట్టు మాట్లాడింది. ఇక కొనబోయేవాళ్లు ఎందుకు కొంటారు? అప్పుడు పీపుల్‌సాఫ్ట్ కాంట్రాక్టుల్లో ఒక హామీ చేర్చింది: మమ్మల్ని ఎవరైనా కొని సపోర్ట్ తగ్గిస్తే, మీరు కట్టిన లైసెన్స్ ఫీజుకి రెండు నుంచి ఐదు రెట్లు వెనక్కి వస్తుంది. కొనేవాడి నెత్తిన బరువు పెట్టే ఎత్తుగడ కూడా అందులో ఉందనుకో. కానీ కస్టమర్లు సంతకాలు పెట్టారు. డబ్బు మాటల్లో చెబితే భయం తగ్గిందన్నమాట.

ఆ కథ రెండో సగం నీకు ఇంకా ఉపయోగం. 2005 జనవరిలో సుమారు 1,030 కోట్ల డాలర్లకి ఆ కొనుగోలు పూర్తయ్యేసరికి ఒరాకిల్ చేతిలో ఒకే పని చేసే ప్రోడక్టులు మూడు: సొంత ఈ-బిజినెస్ సూట్, పీపుల్‌సాఫ్ట్, పీపుల్‌సాఫ్ట్ అంతకుముందే కొన్న జేడీ ఎడ్వర్డ్స్. అన్నిటి మంచీ కలిపి ఫ్యూజన్ అనే కొత్తది కడతామన్నారు. కట్టేవాళ్లకి అది ఉత్సాహం. వాడేవాళ్లకి మాత్రం “నిన్ను ఇక్కణ్నుంచి లేపుతున్నాం” అని వినిపించింది. 2006లో అప్లికేషన్స్ అన్‌లిమిటెడ్ అని ప్రకటించి, పాతవాటిని మెరుగుపరుస్తూనే ఉంటాం, మారమని బలవంతపెట్టం అన్నాక కాస్త స్థిమితపడ్డారు. ఇరవై ఏళ్లు దాటినా పీపుల్‌సాఫ్ట్‌కి ఇంకా సపోర్ట్ నడుస్తోంది. కొత్త ప్రోడక్ట్ గొప్పదనం నీ ఉత్తరంలో ముందు రాయకు. పాతదాని సంగతి తేలాకే కొత్తదాని మాట చెవికెక్కుతుంది.

తేలని విషయాన్ని తేలలేదనే రాయి. సిగ్గుపడాల్సిందేం లేదు. కాకపోతే “ఇంకా నిర్ణయించలేదు” దగ్గర ఆపకు. ఎవరు నిర్ణయిస్తారు, దేన్ని బట్టి, ఏ తేదీకి మీకు చెబుతాం, ఈ మూడూ పక్కనే ఉండాలి. ఆ తేదీకి నిర్ణయం రాకపోయినా మెయిల్ వెళ్లాలి, రాలేదని చెప్పడానికైనా సరే. తేదీ దాటి మౌనంగా ఉన్నావా, వాళ్లే ఏదో ఊహించుకుంటారు, ఎప్పుడూ చెడ్డదే ఊహించుకుంటారు. 2005 చివర్లో అడోబీ చేతికి మాక్రోమీడియా అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. దాంతోపాటు బొమ్మలు గీసే ఫ్రీహ్యాండ్ వచ్చింది, అడోబీ సొంత ఇల్లస్ట్రేటర్‌కి పాత పోటీదారు. దాని చివరి పెద్ద వెర్షన్ 2003 నాటిది. ఇక కొత్త వెర్షన్లు రావని అడోబీ తేల్చి చెప్పింది 2007లో. ఆ ప్రోడక్ట్‌ని ప్రాణంగా వాడుకున్న డిజైనర్లు 2011లో కోర్టుకెక్కారు. కేసు మరుసటేడు రాజీతో ముగిసింది గానీ, నన్నడిగితే కస్టమర్ లాయర్ దాకా వెళ్లాడంటే అంతకుముందు చాలాసార్లు మనకి ఫోన్ చేసి విసిగిపోయి ఉంటాడు.

మూసే పరిస్థితే వస్తే ఎలా మూయాలో, చేయాల్సిన పనులు రాసుకునే వండర్‌లిస్ట్ యాప్ కథలో కొంత నేర్చుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని కొంది. 2017లో టు డూ అనే తన యాప్ తెచ్చినప్పుడే, పాతదాంట్లోని మంచివన్నీ ఇందులోకి వచ్చాక దాన్ని ఆపేస్తామని చెప్పేసింది. 2019 డిసెంబర్‌లో తేదీ ప్రకటించి, 2020 మే 6న ఆపింది. జాబితాలు కొత్త యాప్‌లోకి తెచ్చుకునే ఇంపోర్టర్ ఇచ్చింది. అయినా చాలామంది బాధపడ్డారు. దాన్ని కట్టిన వ్యవస్థాపకుడే వెనక్కి కొనుక్కుంటానని ముందుకొచ్చాడు. బాధ లేకుండా మూయడం ఎవరివల్లా కాదులే. మోసపోయామన్న మాట రాకుండా మూయొచ్చు. చేయాల్సిన పనుల జాబితాకి అయిదు నెలలు సరిపోతాయేమో, కంపెనీలు నడిచే సాఫ్ట్‌వేర్‌కి అది ఏ మూలకీ రాదు.

ఇక ‘రెండూ ఒకటే పని చేస్తాయి’ అన్న మాట. డెమోలో నిజంగానే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. మా బిల్లింగ్‌లో ప్రతి బ్రాంచికీ బిల్లు నంబర్లు విడివిడిగా నడిచేవి. వాళ్లదాంట్లో కంపెనీ మొత్తానికి ఒకటే వరస. నెలల తరబడి పోల్చి చూసిన కమిటీలో ఇది ఒక్కరి కంటా పడలేదు, ఎందుకంటే పోలిక పట్టీ తయారుచేసింది బ్రోషర్లు చూసి. మొదటి కస్టమర్ మారిన నెలాఖరున రెండు బ్రాంచీల బిల్లులు కలగాపులగమై, ఆడిటర్ ముందు వాళ్ల అమ్మాయి రాత్రి పదింటిదాకా కూర్చుని చేత్తో విడదీసింది. అందుకే నువ్వు బ్రోషర్లు పక్కనపెట్టి గత రెండేళ్ల సపోర్ట్ టికెట్లు తీయించు. జనం నిజంగా దేన్ని పట్టుకు వేలాడుతున్నారో అందులో కనిపిస్తుంది. రెండు ప్రోడక్టులూ వాడుతున్న కస్టమర్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గరికెళ్లి కూర్చో. ఏది ఎందుకు వదల్లేకపోతున్నారో వాళ్లు అరగంటలో చెప్పేది మీ కన్సల్టెంట్లు ఆర్నెల్లకి చెప్పలేరు.

“డీల్ గురించి ఇన్ని నెలలు ఎందుకు నోరు విప్పలేదు?” అని ఎవరో ఒకరు కచ్చితంగా నిలదీస్తారు. అక్కడ నువ్వు తలదించుకోనక్కర్లేదు. డీల్ పూర్తయ్యేదాకా రెండు కంపెనీలూ చట్టప్రకారం వేరువేరుగానే, పోటీదారులుగానే నడవాలి. 1999లో కంప్యూటర్ అసోసియేట్స్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్లాటినమ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీని కొంటూ, డీల్ ముగియకముందే ప్లాటినమ్ తన కస్టమర్లకిచ్చే పెద్ద డిస్కౌంట్ల మీద పెత్తనం చేసింది. కేసు పడి 2002లో 6,38,000 డాలర్లు కట్టి బయటపడింది. ఇంత కథా చెప్పక్కర్లేదు, “చట్టం ఒప్పుకోదండీ, ఇప్పుడు మాట్లాడొచ్చు కాబట్టి మీకే ముందు చేశాను” అంటే అర్థం చేసుకుంటారు. అలా అనాలంటే నిజంగానే ముందు చేసి ఉండాలి. ప్రకటన వెలువడిన గంటలోపు మీ పెద్ద కస్టమర్లకి మనిషి గొంతు వినపడాలి. సాయంత్రానికల్లా మీ పోటీదారు సేల్స్‌మ్యాన్ “మీ సాఫ్ట్‌వేర్ మూతపడుతోందటగా” అంటూ డిస్కౌంట్ పట్టుకుని వాలతాడు.

బయటివాళ్లకంటే ఇంట్లోవాళ్లతోనే ఎక్కువ ప్రమాదం. మా దగ్గర ఒకే వారంలో ఒకే కస్టమర్ దగ్గరికి ఇద్దరు వెళ్లారు. పాత టీమ్ కుర్రాడు రెన్యూవల్ ఫారం పట్టుకెళ్లాడు. రెండ్రోజులకి కొత్త కంపెనీ కుర్రాడు వెళ్లి, అది పోయేదేనండీ, మాది తీసుకోండి అన్నాడు. తప్పు వాళ్లది కాదు, ఇద్దరి ఇన్సెంటివ్‌లూ అలా రాసి పెట్టారు. మీ ఉత్తరం వెళ్లేలోపు, కస్టమర్ ఏ ప్రోడక్ట్ ఉంచుకున్నా ఇద్దరికీ లెక్కలో పడేట్టు చేయించు. అది నీ చేతిలో లేదంటావు. అయితే ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరికి నీ ఉత్తరం డ్రాఫ్ట్ తీసుకెళ్లి, ఇది నిజం కావాలంటే మీరు ఈ పని చెయ్యాలి అని చెప్పు.

సపోర్ట్ ఫోన్లు ఎత్తే పిల్లలకి ఉత్తరం ఒకరోజు ముందే చూపించు. కస్టమర్ చేతిలో ఉన్న కాగితం వాళ్లు చదవకపోతే నవ్వులపాలవుతాం.

చివరగా, ఎవరూ ఉత్తరాల్లో రాయని ప్రశ్న ఒకటి నీకు ఫోన్లో వస్తుంది: “మీరు ఉంటారా మేడమ్?” ఇన్నేళ్లుగా సమస్య వచ్చినప్పుడల్లా వాళ్లు ఫోన్ చేసింది నీకు, కంపెనీకి కాదు. ఉంటానని ఒట్టు పెట్టకు, నీ సంగతి నీకే తెలియదు. మీ సిస్టమ్ గురించి నాకు తెలిసినదంతా ఫలానా ఇద్దరికి కూడా తెలుసు అని చెప్పి, అదే కాల్‌లో వాళ్లని కలిపి మాట్లాడించు. అందుకోసం ఈ రెండు వారాల్లో నీ బుర్రలో ఉన్నది కాగితం మీద పెట్టాలి. కోడ్ తెలిసిన ఇంజినీర్లు ఎవరెవరు రాజీనామా చేసే ఆలోచనలో ఉన్నారో కూడా కనుక్కో. ప్యాచ్‌లు ఇస్తామని నువ్వు రాశాక, ఇచ్చే మనిషి లేకపోతే ఆ లైను కూడా పసుపు గీత పడేదే.

నీ డ్రాఫ్ట్ నాలుగో పేరాలో ‘సినర్జీ’ అన్న మాట రెండుసార్లు వచ్చింది, రెండూ తీసెయ్. మొదటి పేరాలో కొన్న కంపెనీ చరిత్ర సగానికి తగ్గించు. ఆ జాగాలో నోటీసు గడువు అంకె రావాలి. లీగల్‌వాళ్లు 18 దగ్గర అడ్డం తిరిగితే ఉత్తరం పంపకుండా నాకు ఫోన్ చెయ్, రాత్రి తొమ్మిది తర్వాతైనా ఫర్వాలేదు.

బాబాయి