పాఠకుల ప్రశ్నలు: పక్క వేరియబుల్‌ని పాడుచేస్తున్న వెక్టర్ స్టోర్

ప్రశ్న: సార్, నేను మాదాపూర్‌లో ఒక చిప్ కంపెనీ కంపైలర్ టీమ్‌లో కొత్తగా చేరాను. మా కంపైలర్ ఎల్ఎల్‌విఎం (కంపైలర్లు కట్టుకోవడానికి వాడే ఓపెన్ సోర్స్ పునాది) మీద కట్టింది. మా చిప్‌లో వెక్టర్ స్టోర్ (వరసగా ఉన్న చాలా ఎలిమెంట్లను ఒకేసారి మెమరీలో రాసే ఆదేశం) లేదు, అందుకని దాన్ని విడి స్టోర్లుగా విడగొట్టే కోడ్ మావాళ్లే రాశారు. 32 బిట్ల ఎలిమెంట్లతో బాగానే నడుస్తోంది కానీ, రెండు వెక్టర్లను పోల్చి ఆ ఫలితాన్ని మెమరీలో పెడితే పక్క వేరియబుల్ పాడవుతోంది. ఆప్టిమైజేషన్ ఆపేస్తే అంతా మామూలే. పోలిక ఫలితంగా వచ్చే ఆ వెక్టర్ టైప్‌ని వాడకుండా ఆపేస్తే సరిపోతుందని మా లీడ్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఆపేయకండి, ఇది దాచిపెట్టాల్సిన బగ్ కాదు. 8 ఎలిమెంట్లను పోలిస్తే ఒక్కోదానికి అవునో కాదో చెప్పే ఒక్క బిట్ చొప్పున వచ్చేవి 8 బిట్లు, మెమరీలో ఆ వెక్టర్ మొత్తానికి దక్కేది ఒక్క బైటే. మీ లూప్ ఒక్కో బిట్‌ని బైట్‌గా పెంచి, అడ్రస్‌ని ఒక్కో బైట్ జరుపుతూ రాస్తోందని నా అనుమానం, అంటే మొదటి బైట్ మీది, మిగతా ఏడూ వేరేవాళ్లవి. ఆప్టిమైజేషన్ ఆపితే వెక్టరైజర్ (మామూలు లూప్‌లను వెక్టర్ కోడ్‌గా మార్చే భాగం) నడవదు, అసలు ఆ టైపే పుట్టదు.

మెమరీ డంప్ తీసి చూడండి. ఎలిమెంట్లు వరసగా 1, 0, 1, 1, మిగతావి సున్నాలు అనుకుంటే లిటిల్ ఎండియన్‌లో (ఇక్కడ మొదటి ఎలిమెంట్ అన్నిటికంటే కింది బిట్‌లో ఉంటుంది) ఒకే బైట్‌లో 13 ఉండాలి. దానికి బదులు 1, 0, 1, 1 అని బైట్లు బారుగా కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ప్రతి బిట్‌నీ దాని స్థానానికి షిఫ్ట్ చేసి, అన్నిటినీ ఆర్ చేసి, ఒకే బైట్‌గా స్టోర్ చేయాలి. బిగ్ ఎండియన్ అయితే క్రమం తిరగబడుతుంది, మొదటి ఎలిమెంట్ పై బిట్‌లోకి వెళ్తుంది కాబట్టి అదే విలువ 176 అవుతుంది. ఎల్ఎల్‌విఎంలో స్కేలరైజ్‌వెక్టర్‌స్టోర్ అనే ఫంక్షన్ ఈ పనంతా చేస్తుంది, మీ లూప్ తీసేసి దాన్నే పిలవండి.

లోడ్ వైపు కూడా తప్పకుండా చూడండి. స్టోరూ లోడూ రెండూ ఒకేలా తప్పు చేస్తే రాసినదే తిరిగి వస్తుంది, టెస్టులన్నీ పాసవుతాయి, ఇలాంటివి చాలాకాలం బయటపడకపోవడానికి కారణం ఇదే. అందుకే వెక్టర్‌గా రాసి, మామూలు 8 బిట్ల పూర్ణాంకంగా చదివే టెస్ట్ ఒకటి పెట్టండి.

అలైన్‌మెంట్ (అడ్రస్ ఎన్ని బైట్ల గుణిజమో చెప్పే అంకె) కూడా ఓసారి చూసుకోండి. వెక్టర్‌ది 16 బైట్లని విడగొట్టిన ప్రతి స్టోర్‌కీ 16 రాసేస్తే తప్పు, 32 బిట్ల రెండో ఎలిమెంట్‌కి దక్కేది 4 బైట్లే.