పాడిన పాటను చెరిపేయకండి

కావలి సోదరికి,

ఫోనులో రికార్డు చేసిన కీర్తనలన్నీ విని చెరిపేస్తున్నానని, దసరాకు గుడిలో పాడమంటే వెనకాడుతున్నానని రాశారు. రికార్డులో మీ గొంతు పీలగా, పరాయిగా వినిపించడం లోపం కాదు. పాడేటప్పుడు మన స్వరం గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది. ఆ దారిలో మంద్రం, అంటే కింది స్థాయి ధ్వని, నిండుగా వినిపిస్తుంది. ఫోనుకు ఆ భాగం అందదు. గుడివాళ్లు ఇన్నాళ్లూ విన్నది ఫోనులో మీకు వినిపించే ఆ గొంతునే, అది నచ్చే పిలిచారు.

ఇకపై పాడిన వెంటనే వినకండి. మూడు రోజులు ఆగి విని, ఒక్క తప్పే కాగితం మీద రాయండి, 'చరణం రెండో ఆవృతంలో (తాళం చుట్టులో) గాంధారం (గ స్వరం) తగ్గింది' అన్నంత కచ్చితంగా. 'బాగాలేదు' అని రాసుకుంటే దేన్ని సాధన చేస్తారు?

నెల్లూరులో ఒక గుడిలో వయొలిన్ వాయిస్తూ అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) ఎత్తుగడ తప్పాను. చెవులు వేడెక్కిపోయాయి. ముందు వరుసలోని పెద్దావిడ మాత్రం మోకాలి మీద తాళం ఆపలేదు. ఆ చేతినే చూస్తూ మళ్లీ అందుకున్నాను. కచేరీ అయ్యాక ఆవిడ నన్ను అడిగింది ఆ రాగం పేరు.

దసరాకు కొత్తది వద్దు, ఏళ్లుగా నోట నానిన త్యాగరాజ కీర్తన ఎంచుకోండి. (ఆయన ఇంటిపేరు కాకర్ల, మన కంభం వైపున్న ఊరి పేరే!) భయానికి గొంతు బిగుసుకుంటుంది, కాబట్టి శ్రుతి అరకట్టె, అంటే హార్మోనియం మీద ఒక్క మెట్టు, తగ్గించండి. ముందురోజు ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను కూర్చోబెట్టి, మధ్యలో ఆపకుండా ఒకసారి పాడండి.