న్యూజెర్సీలో కొనబోయే ఇంటి పెరట్లో పాత ఆయిల్ ట్యాంకు ఉంది, ‘ఇసుక నింపి మూసేశాం’ అంటున్నారు. కొనొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: ఎడిసన్ దగ్గర 1950ల్లో కట్టిన ఇల్లు, పెరట్లో భూమిలో పాత హీటింగ్ ఆయిల్ ట్యాంకు. గ్యాసుకు మారినప్పుడు, 1990ల్లో, అమ్మేవాళ్లు దాన్ని కడిగించి ఇసుక నింపించి మూసేశారట. టౌన్‌షిప్ పర్మిట్ కాగితం కూడా ఉందట. మీ ఏజెంటేమో ‘ఈ వీధిలో అందరికీ ఉంది, ఏం కాదు’ అంటున్నాడు. ఇంకో రెండు వారాల్లో క్లోజింగ్, అంటే ఇల్లు చేతులు మారే సంతకాలు.

ఇల్లు కొనొద్దని నేను అనను. కానీ ఆ ట్యాంకును అమ్మేవాళ్ల ఖర్చుతో పైకి తీయించి, దాని కింది మట్టిని ల్యాబుకు పంపించి, రిపోర్టు మీ చేతికి వచ్చేదాకా సంతకం మాత్రం పెట్టకండి. క్లోజింగ్ వాయిదా పడితే పడనివ్వండి. ఆ మాటకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ఆ ఇంటి గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

నేను జియాలజీ చదివినవాణ్ని. బతుకుతెరువు కూడా ఇదే: పాత ట్యాంకులు, పెట్రోల్ బంకుల కింద మట్టి, నీళ్లు పరీక్షించడం, చెడితే బాగు చేయించడం. ఆ పర్మిట్ కాగితం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు దాన్ని చూసే మోసపోతున్నారు. అది ట్యాంకుకు ఇచ్చిన కాగితం, మట్టికి ఇచ్చింది కాదు. లోపల ఆయిల్ తీసేశారు, కడిగారు, నింపారు, పేలదు, కూలదు, అంతవరకే దాని అర్థం. ఇళ్ల ట్యాంకులు మూసేటప్పుడు మట్టి శాంపిల్ తీయాలన్న నిర్బంధం ఇక్కడ లేదు. అప్పటికే నలభై ఏళ్లుగా కారుతున్న ట్యాంకునైనా శుభ్రంగా కడిగి, ఇసుక పోసి, కాగితం తెచ్చుకోవచ్చు. కింద మట్టిలో ఆయిల్ అలాగే ఉంటుంది.

మా అక్కావాళ్లింట్లో జరిగింది అచ్చంగా ఇదే. వాళ్లు ఇల్లు కొనేనాటికి నేను టెక్సాస్‌లో పని చేస్తున్నాను. వాళ్లకూ ఇలాంటి కాగితమే చూపించారు. కొన్నాళ్లకు ఇండియా నుంచి అక్క అత్తగారు వచ్చారు. వచ్చిన వారానికే ఆవిడ గోల మొదలైంది, బేస్‌మెంటులో కిరసనాయిలు వాసన వస్తోందని. బావ నమ్మలేదు, ‘కొత్త చోటు కదా, అలా అనిపిస్తుందిలే అమ్మా’ అనేశాడు. తర్వాత నేను ఆ ఊరికి దగ్గర్లోకే మారాను. ఓసారి భోజనానికి వెళ్తే ఆవిడ నన్ను పక్కకు పిలిచి, “బాబూ, వాన పడ్డ మర్నాడే వస్తుంది ఆ వాసన. ముప్పై ఏళ్లు స్టవ్వు మీద వండినదాన్ని, నాకు తెలీదా?” అన్నారు.

వాన పడ్డ మర్నాడే అన్న ఆ ఒక్క మాటతో నాకు ఒళ్లు జలదరించింది. హీటింగ్ ఆయిల్ అంటే దాదాపు డీజిలే. నీటి కన్నా తేలిక కాబట్టి భూగర్భజలం మీద పొరలా తేలుతుంది. వాన పడితే నీటిమట్టం లేస్తుంది, దానితో పాటు ఆ పొరా లేచి పునాది దాకా వస్తుంది. ఎండాకాలం కిందికి దిగిపోతుంది. అందుకే ఒక రోజు ఉన్న వాసన ఇంకో రోజు ఉండదు, చెప్పినవాళ్లదే భ్రమ అనిపిస్తుంది.

అప్పటికప్పుడు టార్చి పట్టుకుని కిందికి వెళ్లాను. బేస్‌మెంటు మూల ఊటనీరు చేరే సంప్ గొయ్యి ఉంది, అడుగున నీళ్లు, నీటి మీద రంగురంగుల పొర. ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెబుతాను, మీరూ చేయొచ్చు. ఇనుము ఎక్కువున్న నీటిలో బాక్టీరియా వల్ల కూడా అలాంటి పొరే కడుతుంది. పుల్లతో కదిపి చూడండి. బాక్టీరియా పొరైతే పెంకుల్లా ముక్కలై విడిపోతుంది, అలాగే ఉండిపోతుంది. నూనె పొరైతే పుల్ల తీయగానే మళ్లీ కలుసుకుంటుంది. అక్కడున్న పెయింట్ కలిపే పుల్లతో కదిపాను. మెలికలు తిరిగి వెంటనే కలుసుకుంది. బావ నా భుజం మీంచి వంగి చూస్తూ నిలబడిపోయాడు. గోడ వారగా నేలలోంచి పొడుచుకొచ్చిన రెండు సన్నటి రాగి గొట్టాలు, చివర్లు నొక్కి మూసినవి, వాటిని కూడా అప్పుడే చూపించాను. పాత ట్యాంకు నుంచి బాయిలర్‌కు వచ్చిన లైన్లు అవి. మీరు చూసే ఏ పాత ఇంట్లోనైనా బేస్‌మెంటులో ముందు ఈ గొట్టాలనే వెతకండి. ట్యాంకే లేదని చెప్పిన ఇళ్లలో కూడా ఇవి కనబడతాయి.

తవ్విన రోజు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎడిసన్ చుట్టుపక్కల నేల ఎర్రటి షేల్ రాయి, దాని మీద ఎర్రమట్టి. మన తెలంగాణ చెలకలు గుర్తొస్తాయి. తవ్వే యంత్రం (బ్యాక్‌హో) మొదట తీసిందంతా ఆ ఎర్రమట్టే. వాక్యూమ్ ట్రక్కుతో లోపలి ఇసుక లాగించి, గొలుసులు కట్టి ట్యాంకును లేపారు, 550 గ్యాలన్లది. దాని కింద నేల ఎరుపు కాదు, బూడిద రంగు, అక్కడక్కడ పచ్చటి ఛాయ. ఆయిల్‌ను తినే సూక్ష్మజీవులు మట్టిలో ఆక్సిజన్ అంతా వాడేస్తే, ఎరుపునిచ్చే ఇనుము రూపం మారిపోయి ఆ రంగు వస్తుంది. ఆయిల్ ఆవిరిని కొలిచే మీటర్ ఆన్ చేసే పనే లేదు. వాసనకు పక్కింటాయన కిటికీలు వేసుకున్నాడు.

ట్యాంకును పక్కకు దొర్లించి అడుగు గీకితే, మట్టిపెళ్లలతో పాటు తుప్పు రాలి చిన్న చిన్న చిల్లులు బయటపడ్డాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది సరిగ్గా ఆయిల్ పోసే గొట్టం కింద ఉంది. అది కాకతాళీయం కాదు. ఎంత ఆయిల్ ఉందో చూడటానికి పైనుంచి కర్ర దించుతారు కదా, ఏళ్ల తరబడి దాని మొన తగిలి తగిలి అక్కడ ఇనుము పలచబడుతుంది. పైగా ఉక్కపోతకు పట్టిన చెమ్మ నీరై అడుగునే చేరుతుంది, లోపలినుంచి తుప్పు పడుతుంది. బయటనుంచి మట్టిలోని తేమ తింటుంది. పూత లేని ఉక్కు ట్యాంకుకు ఎక్కడైనా గతి ఇదే.

టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చిల్లులు చూశాడు. అదే రోజు రాష్ట్ర పర్యావరణ శాఖకు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకున్నాం. ఇక్కడ చట్టప్రకారం అది తప్పనిసరి. తర్వాత చెడిన మట్టిని లారీల్లో లైసెన్సున్న చోటికి పంపడం, గొయ్యి గోడల నుంచి, అడుగు నుంచి శాంపిళ్లు తీయడం, ఫలితం చూసి ఇంకా తవ్వడం. ఆయిల్ షేల్ పగుళ్లు పట్టుకుని పునాది కిందికి పోయింది కాబట్టి ఆ వైపు ఇంటికి స్టీలు పైల్స్ దింపి ఆనిక పెట్టాకే తవ్వాం. నీళ్ల కోసం పరీక్ష బావులు వేశాం. చివరికి ‘ఇక చేయాల్సిందేమీ లేదు’ అని శాఖ రాసిచ్చే ఎన్.ఎఫ్.ఎ. లెటర్ వచ్చింది. అది వచ్చేదాకా బావకు నిద్ర లేదు. అత్తయ్యగారిని మాత్రం ఆ తర్వాత ఏ విషయంలోనూ ఎవరూ కాదనలేదు.

డబ్బు విషయానికొస్తే, కారని ట్యాంకు తీయిస్తే కొద్ది వేల డాలర్లు. కారితే పదుల వేలు. నీళ్ల దాకా పోతే లెక్క ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఇప్పటి ఇంటి పాలసీల్లో చాలావాటిలో కాలుష్యం వర్తించదని రాసి ఉంటుంది. అయినా ‘డబ్బు రాదు’ అని బీమా కంపెనీ రాసే మొదటి ఉత్తరంతో వదిలేయకండి. పాత యజమానుల కాలం నాటి పాలసీలు వెతికించండి. ఈ రాష్ట్రంలో భూగర్భజలం ఇంటి యజమాని సొత్తు కాదు, కాబట్టి నీళ్లు చెడితే అది ఇతరులకు జరిగిన నష్టమే, లయబిలిటీ భాగం కింద రాబట్టుకునే దారి ఉంది. అక్కావాళ్లకు ఖర్చులో చాలా భాగం అలాగే వచ్చింది. దీనికి ఈ రంగంలో పనిచేసే లాయరు కావాలి, ఇంటి క్లోజింగ్ చేసే లాయరు చాలడు.

‘ఆయిల్ కార్చింది నేను కాదు కదా, నాకేంటి’ అని మీరు అనుకోవచ్చు. న్యూజెర్సీ స్పిల్ యాక్ట్ 1976లోనే వచ్చింది, దాని కింద తప్పెవరిదన్న ప్రశ్న లేకుండానే శుభ్రం చేయించే బాధ్యత మీద పడుతుంది. ట్యాంకు ఉందని తెలిసీ కొన్నవాళ్లు ‘మాకు తెలీదు’ అనలేరు. మీకైతే తెలుసు, ఇక్కడ రాసి మరీ అడిగారు. పాతవాళ్ల మీద తర్వాత దావా వేయొచ్చు, నిజమే. మోరిస్‌టౌన్‌లో ఒక షాపింగ్ సెంటరు కేసుంది. డ్రైక్లీనింగ్ షాపు హీటింగ్ ఆయిల్ ట్యాంకుల గొట్టాలకు చిల్లులు పడి, ఆయిల్ పోసిన ప్రతిసారీ కొంత మట్టిలోకి పోయేది. 2003లో బయటపడింది. ఇలా వాటా రాబట్టుకునే దావాలకు కాలపరిమితి లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది 2015లో. పన్నెండేళ్లు! ఆ ఓపిక, ఆ ఖర్చు మీకెందుకు?

ఫెడరల్ చట్టం ఇళ్లను కాపాడుతుందన్న ఆశ కూడా వద్దు. భూగర్భ ట్యాంకుల మీద అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది 1984లో, రూల్స్ వచ్చింది 1988లో, పాత ట్యాంకులు మార్చడానికి ఇచ్చిన గడువు 1998 డిసెంబరు. బంకులకు అదంతా వర్తించింది. ఆ చట్టం కింద ఇప్పటికి 5 లక్షలకు పైగా లీకులు బయటపడ్డాయి. ఇంట్లోనే వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులను మాత్రం ఆ చట్టం వదిలేసింది. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. బంకు దగ్గర ఎవరూ పడుకోరు, ఇక్కడ ట్యాంకు పక్క గదిలో పిల్లలు పడుకుంటారు.

మనవాళ్లతో నాకున్న బాధ ఇంకొకటి ఉంది. మంచి స్కూళ్లున్న చోట ఇల్లు దొరకదేమోనన్న టెన్షన్‌లో ఇన్‌స్పెక్షన్ కూడా వద్దని రాసిచ్చి ఆఫర్ పెడుతున్నారు. గ్రానైట్ కౌంటర్ గురించి గంటలు మాట్లాడతారు. భూమిలోని ఇనుమును పసిగట్టే మ్యాగ్నెటోమీటర్ పట్టుకుని పెరడంతా నడిచే ట్యాంక్ స్వీప్‌కు కొన్ని వందల డాలర్లు పెట్టమంటే వెనకాడతారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘మాకేం కాలేదు’ అంటే అదే ప్రమాణం. మట్టి తవ్వి చూడనివాళ్లకు ఏం కాలేదని ఎలా తెలుస్తుంది?

ఇండియా సంగతి తలుచుకుంటే ఇంకా బాధ. అక్కడ ఇళ్లలో ఈ ట్యాంకులు లేవు కానీ బంకులున్నాయి, వాటి పక్కనే బోర్లున్నాయి. చెన్నై తొండియార్‌పేటలో 2013లో బోరునీళ్లలో పెట్రోలియం వచ్చింది, హార్బరు నుంచి వచ్చే పైపులైను కారి. విషయం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అక్కడా జనం ముక్కే ముందు పసిగట్టింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులు ఇళ్లకు, బడులకు, ఆస్పత్రులకు 50 మీటర్ల దూరంలో ఉండాలంది, కుదరకపోతే కనీసం 30. మంచిదే, ఆవిరికి, మంటకు అది పనికొస్తుంది. నీళ్లు మాత్రం ఆ గీత దగ్గర ఆగవు, వాలు ఎటుంటే అటు పోతాయి. కలుషిత స్థలాల మీద కేంద్రం 2025లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, అమలు చూడాలి.

‘బంకులో రోజూ పొద్దున్నే డిప్ రాడ్ వేసి స్టాకు రాస్తారు కదా, కారితే తెలియదా’ అని ఒకరు నన్నడిగారు. పెద్ద లీకైతే తెలుస్తుంది. అమెరికా రూల్స్‌లోనే స్టాకు లెక్కలకు ఇచ్చిన వెసులుబాటు నెలకు, అమ్మినదాంట్లో 1 శాతం, దానిపైన 130 గ్యాలన్లు. అంటే నెలకు దాదాపు 490 లీటర్లు మట్టిలోకి పోతున్నా రిజిస్టరులో అంతా సరిగ్గానే ఉన్నట్టు కనబడొచ్చు. కాబట్టి కాగితం మీదున్న అంకెను నేను ఎక్కడా నమ్మను, అది మీ అమ్మకందారు చూపించే పర్మిట్టైనా సరే.

మీ రెండు వారాల్లో చేయగలిగింది చేయండి. మీ లాయరుతో రేపే ఉత్తరం రాయించండి: ట్యాంకు తొలగింపు, అడుగు మట్టి పరీక్ష, లీకు తేలితే ఎన్.ఎఫ్.ఎ. లెటర్ వచ్చేదాకా అమ్మేవాళ్లదే బాధ్యత, దానికి సరిపడా డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంచాలి. ‘తీస్తే పెరడు పాడవుతుంది, ట్యాంకు పక్కన డ్రిల్లు వేసి చూద్దాం’ అంటే ఒప్పుకోకండి. అడుగున చిల్లుపడితే ఆయిల్ తిన్నగా కిందికి దిగుతుంది, పక్కన వేసిన బోరింగు శుభ్రంగా కనబడొచ్చు. తీసే కంపెనీని మీరు ఎంచుకోండి, ఏజెంటు చెప్పినవాళ్లు వద్దు. ట్యాంకు లేపే గంటలో మీలో ఒకరు సెలవు పెట్టైనా అక్కడ నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి.

ఆ పర్మిట్ ఫొటో కింద పెట్టండి, పేర్లు, అడ్రసు కప్పేసి. ఏ సంవత్సరం, ఎన్ని గ్యాలన్లు, నింపింది ఇసుకా ఫోమా అన్నవి కనబడితే చాలు, ఇంకేం అడగాలో చూసి చెబుతాను.