పార్కిన్సన్స్ మందులకు తోడు డిప్రెషన్ మాత్ర: మా అమ్మ విషయంలో ఏం జరిగిందంటే

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ మందులతో పాటు డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టాక లేచినప్పుడల్లా తూలుతున్నారనీ, పగలంతా మగతగా ఉంటున్నారనీ రాశారు. అన్నీ ఆపేయాలా అని అడిగారు. దయచేసి మీ అంతట మీరు దేన్నీ ఆపకండి. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపాని ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి, విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డిప్రెషన్ మాత్రనైనా డాక్టర్ చెప్పిన లెక్కన నెమ్మదిగానే తగ్గించాలి.

మా అమ్మని ఏడేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. తూలడం మాకూ అనుభవమే. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ బీపీ చూడమన్నారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే తూలడానికి అదే కారణం కావచ్చు. ఈ జబ్బే అలా చేస్తుంది, లెవోడోపా ఇంకాస్త పెంచుతుంది, కొన్ని డిప్రెషన్ మందులు దానికి తోడవుతాయి. అమ్మ ఎప్పటినుంచో వేసుకుంటున్న బీపీ మాత్ర సంగతి ఎవరికీ గుర్తు లేదు. డాక్టర్ దాని డోసు తగ్గించాక చాలావరకు సర్దుకుంది.

మగతకి ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి పార్కిన్సన్స్ మందులు కారణం కావచ్చు. వాటితో కొందరు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే నిద్రలోకి జారుకుంటారు, కాబట్టి మీ నాన్నగారు బండి నడుపుతుంటే ఆ నడపడం వెంటనే మాన్పించండి. సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులతో పెద్దవాళ్ళకి రక్తంలో సోడియం తగ్గి మగత, తికమక రావచ్చు. మామూలు రక్తపరీక్షతో తెలిసిపోతుంది, అడిగి చేయించండి.

మేం దెబ్బతిన్నది వాంతుల మందు దగ్గర. వికారంగా ఉందంటే ఒక డాక్టర్ మెటోక్లోప్రమైడ్ రాశారు. రెండు రోజుల్లో అమ్మ మంచం మీంచి లేవలేకపోయింది. జబ్బు ముదిరిపోయిందనుకుని ఏడ్చాను. ఈ జబ్బులో అసలే తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనాన్ని ఆ మందు మెదడులో అడ్డుకుంటుందని, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదని న్యూరాలజిస్ట్ చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటినుంచీ వేరే ఏ డాక్టర్ ఏం రాసినా ముందు పార్కిన్సన్స్ అనే మాట చెబుతాను.

ఇంకో విషయం, ఇది ఎవరూ బయటికి చెప్పరు. ప్రమిపెక్సోల్ డోసు పెంచాక అమ్మ రాత్రుళ్ళు ఫోన్‌లో అక్కర్లేని వస్తువులు ఆర్డర్ పెట్టేది. అడిగితే దాచేది. నేను చాలా కోప్పడ్డాను. ఆ రకం మందులు కొందరిలో కొనుగోళ్ళు, జూదం, తిండి, లైంగిక కోరిక, దేన్నైనా అదుపు తప్పేలా చేస్తాయట. డాక్టర్ మెల్లమెల్లగా డోసు తగ్గించాక అది పోయింది. అన్న మాటలు మాత్రం నన్ను ఇప్పటికీ బాధపెడుతున్నాయి. మీ నాన్నగారిని ఒంటరిగా ఉన్నప్పుడు, తప్పు పట్టకుండా అడగండి.

పార్కిన్సన్స్ మందుల్లో సెలెజిలిన్ గానీ రసాజిలిన్ గానీ వాడుతుంటే ఆ సంగతి డిప్రెషన్ మాత్ర రాసిన డాక్టర్‌కి తప్పకుండా తెలియాలి. వీటిలో ఒకదాన్ని డిప్రెషన్ మాత్రతో కలిపి జాగ్రత్తగా వాడేవాళ్ళు ఉన్నారు, టెన్షన్ పడకండి. కానీ జ్వరం, చెమటలు, కండరాలు అదరడం, విపరీతమైన ఆందోళన ఒకేసారి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు కూడా డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

డిప్రెషన్ ఈ జబ్బులో భాగమే, మనసు బలహీనత కాదు. మాత్ర పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అమ్మ ఐదో వారంలో తనంతట తానే నన్ను పలకరించింది. అందుకే ఆ మాత్ర మీద ఆశ వదులుకోవద్దంటాను.

రేపు పొద్దున బీపీ చూసి, మందుల పేర్లు, వేసుకునే వేళలు, మగత వచ్చే వేళలు ఒక కాగితం మీద రాసుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి. తూలి పడి తుంటి ఎముక విరిగేదాకా ఆగకండి.