కాన్పు తర్వాత ఒళ్లు: ఏది ఎప్పుడు సర్దుకుంటుంది?

ప్రశ్న: రెండో కాన్పై పది రోజులైంది. నెత్తురు తగ్గి గులాబీ రంగుకు వచ్చిందనుకుంటే, నిన్న సాయంత్రం మళ్లీ ఎర్రగా పోయింది. రెండు గంటల్లో తగ్గింది. మొదటి వారమంతా బిడ్డ పాలు తాగుతుంటే పొత్తికడుపు మెలిపెట్టేసింది. మొదటి కాన్పులో ఇంత నొప్పి లేదు. లోపల ఏమైనా మిగిలిపోయిందా?

జవాబు: మీరు రాసిందాన్ని బట్టి అలా అనిపించడం లేదు. మాయ ఊడిన చోట గర్భసంచి లోపల అరచేయంత పచ్చిపుండు ఉంటుంది. దాని మీద కట్టిన పక్కు 7 నుంచి 14 రోజుల మధ్య రాలుతుంది. ఆ పూట కాసేపు ఎర్రగా కనిపించి ఆగిపోతుంది. మామూలుగా మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, పదో రోజు వరకూ గులాబీ, గోధుమ రంగుల్లో, ఆ తర్వాత పసుపు కలిసిన తెలుపులో స్రావం అవుతూ నాలుగు నుంచి ఆరు వారాలకు ఆగుతుంది. అప్పటివరకూ ప్యాడ్లే వాడండి. ట్యాంపన్లు, కప్పులు వద్దు.

ఇక మెలిపెట్టే నొప్పి. బిడ్డ చప్పరించగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఊరుతుంది. పాలను బయటికి నెట్టేదీ అదే, గర్భసంచిని బిగించేదీ అదే. మొదటి కాన్పు తర్వాత సంచి కండరం ఒకసారి బిగిస్తే చాలావరకు అలాగే ఉంటుంది. తర్వాతి కాన్పుల్లో వదులవుతూ, బిగుస్తూ ఉంటుంది కాబట్టి నొప్పి ఎక్కువ. కాన్పు రోజున దాదాపు కిలో బరువుతో బొడ్డు దాకా ఉండే సంచి వారానికి అరకిలోకి, ఆరు వారాలకు 60-80 గ్రాములకు దిగేది ఈ బిగుతు వల్లే. పాలిచ్చే ముందు మూత్రానికి వెళ్లి రండి. నిండిన మూత్రాశయం సంచిని పైకి నెట్టేసి సరిగా బిగవనివ్వదు.

గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, కోడిగుడ్డంత గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటినా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. మాయ ముక్క మిగిలి ఉండటమో, ఇన్ఫెక్షనో అప్పుడు వెతుకుతారు.

ప్రశ్న: మూడు నెలలైనా పొట్ట అలాగే ఉంది. పడుకుని లేస్తుంటే బొడ్డు మీదుగా నిలువుగా గట్టులా ఉబుకుతోంది. బెల్టు కడుతున్నాను, సిట్-అప్‌లు కూడా మొదలుపెట్టాను. ఎంతకాలం పడుతుంది?

జవాబు: ముందు సిట్-అప్‌లు ఆపండి. పొట్ట మీద కుడి ఎడమల నిలువుగా రెండు పట్టీల్లా కండరాలు ఉంటాయి. వాటిని మధ్యలో కలిపి ఉంచే పొర గర్భంతో సాగి పలచబడుతుంది, పట్టీలు ఎడమవుతాయి. సిట్-అప్ చేసేటప్పుడు లోపలి ఒత్తిడంతా ఆ పలచని పొర మీదే పడుతుంది. మీరు చూసే గట్టు అదే.

ఎడం ఎంతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి. వేళ్ల కొసలు పాదాల వైపు ఉండేలా చేతిని బొడ్డుకు కాస్త పైన పెట్టి, తల, భుజాలు కొంచెం మాత్రమే ఎత్తండి. రెండు పక్కలా గట్టిపడిన అంచుల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. బొడ్డు దగ్గరా, దానికి కిందా కూడా ఇలాగే చూడండి. రెండు వేళ్ల లోపయితే కంగారు లేదు. అంతకు మించితే, లేదా వేళ్లు మెత్తగా లోతుకు దిగిపోతుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. వెడల్పు కొంచెం మిగిలినా పొర బిగువుగా ఉంటే పొట్ట బాగానే పనిచేస్తుంది. అందుకని వేళ్ల లెక్క ఒక్కటే పట్టుకుని కూర్చోకండి.

వ్యాయామం కూడా ఆ భంగిమలోనే. ఊపిరి వదులుతూ బొడ్డు కింది భాగాన్ని నెమ్మదిగా వెన్ను వైపు లాగి 5 నుంచి 10 సెకన్లు ఉంచండి. ఆ సమయంలో శ్వాస ఆడుతూనే ఉండాలి. 10 సార్లు చొప్పున రోజుకు మూడు విడతలు చేయండి. ఇది తేలికయ్యాక పొట్ట వదలకుండా ఒక్కో మడమను నేల మీద జారుస్తూ కాలు చాపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకోండి. ఎక్కడ గట్టు ఉబికితే అక్కడికి ఆపేయాలి, ఆ వ్యాయామానికి ఇంకా సమయం రాలేదన్నమాట. మంచం మీద నుంచి లేవడం కూడా పక్కకు తిరిగి, చేత్తో నెట్టుకుని లేవండి. రోజుకు పదిసార్లు నిటారుగా లేస్తే పది సిట్-అప్‌లు చేసినట్టే కదా.

బెల్టు నడుముకు ఆసరా, సిజేరియన్ కుట్టు దగ్గర ఊరట. ఎడాన్ని అది పూడ్చలేదు. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి, మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కటి కండరాలను నెడుతుంది. ఈ ఎడం తగ్గడం మొదటి ఎనిమిది వారాల్లో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఏడాది లెక్క వేసుకోండి. బొడ్డు దగ్గర ఉబ్బు గట్టిగా, నొప్పిగా ఉండి లోపలికి పోకపోతే మాత్రం అది హెర్నియా (పొట్ట గోడ బలహీనమైన చోట లోపలి భాగం బయటికి పొడుచుకురావడం) కావచ్చు. వెంటనే సర్జన్‌కు చూపించాలి.

ప్రశ్న: నాలుగు నెలల కింద కాన్పయింది. దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. కెగెల్ వ్యాయామాలు (కటి కండరాలను బిగించి వదలడం) రెండు వారాలు చేసినా ఫలితం లేదు. నీళ్లు తగ్గించాను.

జవాబు: రెండు వారాలు చాలవు. కండరం బలపడాలంటే కనీసం మూడు నెలలు పడుతుంది. పైగా చాలామంది పిరుదులో తొడలో బిగించి కెగెల్ చేశామనుకుంటారు. సరైన తీరు ఇది: గ్యాస్ ఆపుకుంటున్నట్టు మలద్వారాన్ని బిగించి, ఆ బిగువును ముందుకు మూత్రద్వారం దాకా తెచ్చి, మొత్తాన్ని పైకి లాగండి. 5 సెకన్లు ఉంచి, అంతసేపూ పూర్తిగా వదిలేయండి. ఇలా 10 సార్లు. కొన్ని వారాల్లో 10 సెకన్లకు పెంచండి. తర్వాత చటుక్కున బిగించి వదిలేవి మరో 10. రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగపడితే ఒత్తిడి కిందికి నెడుతుంది, చేసిన పని చెడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం అలవాటు చేసుకోవద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

తుమ్ము వస్తోందని తెలియగానే ముందే బిగించి తుమ్మండి. ఈ చిన్న అలవాటుతో చాలామందికి త్వరగానే తేడా తెలుస్తుంది. నీళ్లు తగ్గించొద్దు. చిక్కబడ్డ మూత్రం మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది. మలబద్ధకం కూడా పెరుగుతుంది, ముక్కే కొద్దీ కింది కండరాలు సాగుతాయి. యోనిలో ఏదో జారుతున్నట్టున్నా, మలం లేదా గ్యాస్ ఆగకపోయినా మూడు నెలలు ఎదురుచూడకుండా చూపించుకోండి.

ప్రశ్న: మా కోడలికి నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వస్తోంది. పాలివ్వడం వల్లేనా? ఆపమనమంటారా?

జవాబు: వద్దండీ, పాలకూ దీనికీ సంబంధం లేదు. గర్భంలో ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉండటంతో రాలాల్సిన జుట్టు రాలకుండా ఆగింది. కాన్పుతో ఆ హార్మోన్ పడిపోయాక ఆగినదంతా ఒకేసారి విశ్రాంతి దశకు చేరి, రెండు నుంచి నాలుగు నెలలకు రాలుతుంది. కుదుళ్లు చెక్కుచెదరవు. ఏడాదికల్లా మళ్లీ నిండుతుంది. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు లేస్తుంటే కొత్త జుట్టు వస్తున్నట్టే. రాలడంతోపాటు గుండెదడ, వణుకు ఉన్నా, లేదా విపరీతమైన నీరసం, చలి ఉన్నా థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు చేయించండి. కాన్పు తర్వాతి ఏడాదిలో థైరాయిడ్ ముందు ఎక్కువగా, తర్వాత తక్కువగా పనిచేయడం కొందరిలో కనిపిస్తుంది. అది బాలింత అలసటేలే అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బిడ్డకు ఐదు నెలలు. నెలసరి ఇంకా రాలేదు. గర్భం రాదన్న ధీమాతో ఉండొచ్చా? కలయిక మంటగా ఉంటోంది.

జవాబు: నెలసరి రాకపోవడం, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వకపోవడం, బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం. ఈ మూడూ ఉన్నంతవరకే 98 శాతం రక్షణ. ఒక్కటి తప్పినా వేరే పద్ధతి వెంటనే మొదలుపెట్టాలి. అండం ముందు విడుదలై తర్వాత నెలసరి వస్తుంది కాబట్టి మొదటి నెలసరి కోసం ఆగితే ఆలస్యమైపోవచ్చు. మీ గడువు ఇంకో నెలే, ఇప్పుడే డాక్టరుతో మాట్లాడుకోండి. మంటకు కారణం పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉండి యోని పొర పొడిబారడం. నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడితే చాలావరకు తీరుతుంది. కుట్టు దగ్గర ఒకేచోట గుచ్చినట్టు నొప్పి ఉంటే పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. రాత్రంతా చెమటలు, మాటిమాటికీ మూత్రం. తలనొప్పి కూడా వస్తోంది.

జవాబు: చెమట, మూత్రం గర్భంలో చేరిన అదనపు నీరు బయటికి పోయే దారులు, ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. తలనొప్పిని మాత్రం వాటితో కలిపి చూడకండి. ఈ రోజే బీపీ చూపించుకోండి. గర్భంలో బీపీ లేకపోయినా కాన్పు తర్వాత ఆరు వారాల్లోపు రావచ్చు. 140/90 ఉన్నా డాక్టరుకు చెప్పాలి. 160/110కి చేరినా, చూపు మసకబారినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అత్యవసరమే, మూర్ఛ దాకా పోవచ్చు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పయితే వెన్నుకు ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్ల కావచ్చు. ఆ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: పాత చెప్పులు పట్టడం లేదు. ఆరు నెలలైంది, వాపు కూడా లేదు.

జవాబు: మొదటి గర్భంలో పాదం వంపు కొంచెం దిగి, పొడవు కొన్ని మిల్లీమీటర్లు పెరగడం మామూలే. చాలామందికి అది అలాగే ఉండిపోతుంది. రెండు పాదాలనూ సాయంత్రం పూట, నిలబడి కొలిపించుకుని కొత్తవి కొనుక్కోండి.