యోగాతో సిగరెట్ మానేయొచ్చా?

యోగా ఒక్కటే చాలదు, కానీ బాగా పనికొస్తుంది. గాజువాకలో షిఫ్ట్ దిగగానే టీ కొట్టు దగ్గర చెయ్యి సిగరెట్ కోసం జేబులోకి పోతుందని మీ ప్రశ్నలో రాశారు కదా, ఆ గుంజుడు సాధారణంగా ఐదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఊపిరి సాయం కావాల్సింది అప్పుడే. టీ పక్కన పెట్టి నిటారుగా కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది, టెన్షన్ కూడా దిగుతుంది. దమ్ము లాగినప్పటి హాయిలో కొంత ఆ లోతైన ఊపిరిదే అని నా నమ్మకం.

మొదటి మూడు రోజులు బాగా కష్టం. చిరాకు వస్తుంది, నిద్ర సరిగా పట్టదు. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లి సూర్య నమస్కారాలు చేయండి, శరీరం అలసి రాత్రి నిద్ర పడుతుంది. బీపీ, గుండె జబ్బు ఉంటే మాత్రం కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదిలే ప్రాణాయామం) జోలికి వెళ్లకండి.

రోజుకో పెట్టె కాల్చే అలవాటుంటే నికోటిన్ గమ్ (సిగరెట్ కోరిక తగ్గడానికి నమిలేది) గురించి కూడా డాక్టర్‌ని అడగండి. పొగాకు మానేందుకు సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తారు.