ఆడవాళ్ళు ఢిల్లీ దాకా ఎందుకు పోలేకపోతున్నారంటే

అడిగిన ప్రశ్న: "ఇందిరాగాంధీ 1966లోనే ప్రధాని అయిన దేశంలో లోక్‌సభలో ఆడవాళ్ళు ఇంకా ఇంత తక్కువ ఎందుకు? వాళ్ళకే రాజకీయాల మీద ఆసక్తి లేదా?"

ఆసక్తి లేదనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మాది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన పల్లె. దూబగుంట మాకు దగ్గరే. 1992లో ఆ ఊళ్ళో సారా అంగళ్ళ మీదికి పోయింది ఆసక్తి లేని ఆడవాళ్ళా? రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటా మొదలుపెట్టిన పోరు అది. 1993లో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు.

మా మేనత్త కూడా రాత్రి బడిలోనే చదవడం నేర్చింది. 1995 పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు మహిళలకు రిజర్వయితే ఆమెను నిలబెట్టారు, గెలిచింది. ఊళ్ళో అందరూ సర్పంచి అని పిలిచింది మాత్రం మా మామను.

ఒకరోజు అత్త వసారాలో కూర్చొని చింతపండు కొడతా ఉంది. నేను పక్కన గింజలు ఏరుతున్నా. మామా, పంచాయతీ గుమస్తా వచ్చి తీర్మానాల పుస్తకం ముందు పెట్టారు. "సంతకం బెట్టు మే, బస్సుకు టైమైంది" అన్నాడు మామ. అత్త చెయ్యి కడుక్కోలేదు. పుస్తకం ఒళ్ళోకి తీసుకొని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా చదివింది. వేలు పోయిన చోటల్లా కాగితం మీద చింతపండు మరక. బస్సు పోయింది. కొత్త బోరింగు ఒక మోతుబరి కళ్ళం దగ్గర వెయ్యాలని రాసుంది. "కాలనీ ఆడోళ్ళు అంత దూరం నించి బిందెలు మోస్తా ఉంటే కళ్ళానికెందుకయ్యా బోరింగు? మార్చి రాసకరా, అప్పుడు బెడతా" అంది. మూడు రోజులు మామ ఆమె చేతి కూడు తినలేదు. బోరింగు మాత్రం కాలనీలోనే పడింది.

2001లో సీటు జనరల్ అయింది. మామ పోటీ చేశాడు. అత్తను నిలబడతావా అని అడిగినోళ్ళే లేరు.

నెల్లూరు ఎంపీ సీటుదీ ఇదే కథ. ఎస్సీ రిజర్వుడుగా ఉన్నప్పుడు 1991లో కుడుముల పద్మశ్రీ గారు, 1996, 1998లో పనబాక లక్ష్మి గారు, 1999లో రాజేశ్వరమ్మ గారు, 2004లో మళ్ళీ లక్ష్మి గారు గెలిచారు. వరసగా అయిదుసార్లు ఆడవాళ్ళే. లక్ష్మి గారు కేంద్రంలో ఆరోగ్య శాఖ సహాయ మంత్రిగా కూడా చేశారు. 2009కి సీటు జనరల్ అయింది. అప్పటినుంచి ఒక్క ఆడమనిషి గెలవలేదు. ఓట్లేసే జనం మేమే, మా మనసులేం మారలేదు. మారింది టికెట్ ఇచ్చే చెయ్యి. జనరల్ సీటంటే కోట్లు పెట్టగలిగినోళ్ళకే అని పార్టీలు ఖాయం చేసుకున్నాయి. ఆ కోట్లు ఆడవాళ్ళ చేతుల్లో ఎక్కడున్నాయి? మా పక్క పొలం భార్య పేరునున్నా పాసు పుస్తకం పెట్టిన బీరువా తాళం మొగుడి మొలతాడుకే ఉంటది.

ఇందిరమ్మను చూపించి మమ్మల్ని ఆపొద్దు. ఆమె నెహ్రూ కూతురు. మామూలు ఇంటి ఆడమనిషికి ఆ దారి లేదు. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో ఆడవాళ్ళు 74 మందే.

చట్టసభల్లో ఆడవాళ్ళకు సీట్లు రిజర్వు చేసే మహిళా బిల్లు మొదట 1996లో పెట్టారు. చట్టమైంది 2023లో. అందులోనూ జనగణన, నియోజకవర్గాల హద్దులు మళ్ళీ గీసే డీలిమిటేషన్ అయ్యాకే అమలని, అదీ మొదలైన 15 ఏళ్ళ వరకే ఉంటుందని గడువు రాసుకున్నారు. మా అత్తకు దొరికింది ఒక్క విడతే. ఇంకో విడత ఇచ్చుంటే ఎంపీపీకి నిలబడి ఉండేదాన్ని అని ఇప్పటికీ అంటుంది.